సింహాచలం కొండ చుట్టూ చూపు శాస్త్రం

రెటీనా మీద తెలుగు నేలలో సాగిన అధ్యయనం రెండు దారుల్లో వచ్చింది. మొదటిది భౌతిక శాస్త్రపు దారి. నక్షత్రాలనూ కాంతినీ గమనించేవాళ్లు తమ కంటి శక్తి ఎంత, అది ఎక్కడ మోసపోతుంది అని ఆరా తీయడంతో అది మొదలైంది. రెండోది వైద్యపు దారి. రేచీకటి పిల్లలు, శుక్లాలు కమ్మిన ముసలివాళ్లు, ఏటికేడు చూపు కుంచించుకుపోయే యువకులు ఆసుపత్రి గుమ్మం తొక్కడంతో మొదలైంది. విశాఖపట్నంలో ఈ రెండు దారులూ కూతవేటు దూరంలో సాగాయి. అయినా తెలుగు నేల మీద అవి కలవడానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది.

రెటీనా కంటి వెనుక గోడకు లోపలివైపు అంటుకుని ఉండే పలచని పొర. మందం మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుంది. పాఠ్యపుస్తకాలు దాన్ని నేత్రపటలం అంటాయి. పిండ దశలో అది మెదడు నుంచే మొలుచుకొస్తుంది కాబట్టి నాడీ శాస్త్రజ్ఞులు దాన్ని మెదడులో భాగంగానే లెక్కవేస్తారు. మసక వెలుతురులో పనిచేసే కడ్డీ కణాలు అందులో దాదాపు 12 కోట్లు. రంగులనూ సన్నని వివరాలనూ పట్టే శంకు కణాలు దాదాపు 60 లక్షలు. వీటన్నిటి కబురునూ మెదడుకు మోసే దృక్ నాడిలో మాత్రం 10 నుంచి 12 లక్షల పోగులే ఉంటాయి. సగటున వంద కణాలకు ఒక పోగు. కాబట్టి ఏది పంపాలి, ఏది వదిలేయాలి అనే నిర్ణయం చాలావరకు కంట్లోనే జరిగిపోవాలి. వస్తువుల అంచులను ఎత్తిచూపడం, ఒకే తీరుగా ఉన్న చోటును పెద్దగా పట్టించుకోకపోవడం, కదలికను విడిగా గుర్తించడం ఈ పొర చేసే పనులే. రెటీనా శాస్త్రజ్ఞులు సదస్సుల్లో గంటల తరబడి వాదించుకునేది ఈ వడపోత గురించే.

విశాఖలో కంటిని పరికరంగా వాడిన తొలి చోటు ఒక వేధశాల. గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాల అధిపతి టి.జి. టేలర్ వద్ద ఖగోళ శాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840 ప్రాంతంలో ఊళ్లో సొంత ఖర్చుతో దుర్భిణి నెలకొల్పారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు విశాఖ నుంచి పరిశీలించి, వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు పంపారు. శుక్రుడు సూర్యుడి అంచును దాటే క్షణాన్ని ప్రపంచంలో వేర్వేరు చోట్ల నుంచి కచ్చితంగా పట్టుకుంటే సూర్యుడి దూరం లెక్కకట్టవచ్చు. ఆ క్షణాన్ని ఎక్కువమంది పట్టుకున్నది కంటితోనే. చిక్కు కూడా అక్కడే వచ్చింది. గ్రహం అంచును వదిలే సమయంలో రెంటినీ అతికినట్టు ఒక నల్లని తీగ కనిపిస్తుంది. పక్కపక్కన నిలబడి చూసినవాళ్లు కూడా సెకన్ల తేడాతో వేర్వేరు సమయాలు రాసుకున్నారు. దుర్భిణి మసక, సూర్యబింబం అంచున వెలుగు తగ్గడం ఇందుకు ప్రధాన కారణాలని తర్వాత తేలింది. అయితే పరిశీలకుడికీ పరిశీలకుడికీ మధ్య తేడా ఉంటుందని, దాన్నీ కొలవాలని ఖగోళ శాస్త్రజ్ఞులు అప్పటికే గ్రహించి ఉన్నారు. చూపును ప్రయోగశాలలో కొలిచే అలవాటుకు ఒక మూలం ఈ అవసరంలోనే ఉంది.

నరసింగరావు భార్య ఇచ్చిన విరాళం వల్ల ఊళ్లోని కాలేజీకి మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ అనే పేరు వచ్చింది. 1892లో ఆ కాలేజీకి గణితం, భౌతిక శాస్త్రం బోధించడానికి తిరుచిరాపల్లి నుంచి ఆర్. చంద్రశేఖర అయ్యర్ వచ్చారు. ఆయన వెంట వచ్చిన నాలుగేళ్ల కొడుకే చంద్రశేఖర వెంకట రామన్. విశాఖలోని సెయింట్ అలోసియస్ స్కూల్లో చదివి 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ దాటి, తండ్రి పనిచేసే కాలేజీలోనే ఎఫ్.ఏ. ముగించి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. చదువు మొదలైందీ, పుస్తకాల మీద మక్కువ కుదిరిందీ ఈ ఊళ్లోనే. రామన్ పేరు చెప్పగానే కలకత్తా, బెంగళూరు గుర్తుకొస్తాయి గానీ, దాదాపు పదేళ్ల బాల్యం గడిచిన విశాఖకు ఆ కథలో దక్కాల్సినంత చోటు దక్కలేదు.

రామన్‌కు నోబెల్ తెచ్చిపెట్టిన పరిశోధనలో కన్నే ప్రధాన పరికరం. 1928 ఫిబ్రవరిలో కలకత్తా బౌబజార్ వీధిలోని ప్రయోగశాలలో ఆయన, కె.ఎస్. కృష్ణన్ కలిసి సూర్యకాంతిని ఊదారంగు గాజు గుండా ద్రవాల్లోకి పంపారు. ఆ ద్రవం చెదరగొట్టిన కాంతిని ఆకుపచ్చ గాజు గుండా చూశారు. ఊదారంగు గాజు వదిలిన కాంతిని ఆకుపచ్చ గాజు ఆపేస్తుంది కాబట్టి ఏమీ కనిపించకూడదు. అయినా సన్నని వెలుగు చార కనిపించింది. అంటే ద్రవంలో కాంతి రంగు మారింది. అంత మసక వెలుగును పట్టుకోవడానికి చీకటికి బాగా అలవాటుపడిన కన్ను కావాలి. చీకట్లో అరగంట గడిపితే కడ్డీ కణాల స్పందన వేల రెట్లు పెరుగుతుంది. కణాల్లోని కాంతిని పట్టే రంగుపదార్థం తిరిగి నిండడమే ఇందుకు ముఖ్య కారణం. వర్ణపటాలను ఫొటో పలకల మీదికి ఎక్కించడం తర్వాతి పని. తొలి సాక్ష్యం మాత్రం కంటిదే.

ఇలాంటి మనిషి చివరి పదేళ్లలో కంటినే పరిశోధన వస్తువుగా ఎంచుకోవడంలో వింత లేదు. 1960 నుంచి రామన్ రంగుల అనుభూతి మీద వరసగా వ్యాసాలు రాశారు. పూల రంగులను వర్ణపట దర్శినిలో చూస్తూ, కంటికి తోచే రంగుకూ పువ్వు నుంచి వచ్చే కాంతికీ ఉన్న సంబంధాన్ని వెతికారు. ఆ వ్యాసాలన్నీ కలిపిన పుస్తకాన్ని 1968లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ‘ది ఫిజియాలజీ ఆఫ్ విజన్’ పేరుతో ప్రచురించింది.

అందులో ఒక ప్రయోగాన్ని ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు. బాగా వెలుగు పడిన తెల్లని తెర ముందు కూర్చోవాలి. ఒక కన్ను మూసి, రెండో కంటికి అడ్డంగా రంగు ఫిల్టరు పెట్టుకుని, తెర మీద ఒక చుక్కను కదలకుండా కొన్ని సెకన్లు చూడాలి. చూపు తిప్పకుండా ఫిల్టరును చటుక్కున పక్కకు లాగాలి. ఆ క్షణంలో తెర మీద పెద్ద రంగు బొమ్మ తేలుతుంది. మధ్యలో గుండ్రని మచ్చ, దాని చుట్టూ వేరే ఛాయ. కొద్దిసేపటికే చెదిరిపోతుంది. వేర్వేరు రంగుల ఫిల్టర్లతో చేస్తే మధ్యనున్న మచ్చ తీరు మారుతుంది. చూసేవాడి రెటీనాయే, నడుమనున్న ఫోవియాతో సహా, ఇలా తెర మీద తోస్తోందని రామన్ వాదించారు. ఈ రోజు శాస్త్రజ్ఞులు దీన్ని మరోలా చెబుతారు. ఒక రంగుకు అలవాటుపడి అలసిన శంకు కణాలు, ఫిల్టరు తీయగానే తక్కువగా స్పందిస్తాయి. ఫోవియా మీద పరుచుకున్న పసుపు రంగుపదార్థం నీలి కాంతిలో కొంత పీల్చుకుంటుంది కాబట్టి ఆ చోటు విడిగా తెలుస్తుంది. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇలాంటి మచ్చను వర్ణించారు. వివరణ ఏదైనా, ఎలాంటి యంత్రమూ లేకుండా మనిషి తన రెటీనా నిర్మాణాన్ని తానే గుర్తించగల పద్ధతి కాబట్టి దీనికి విలువ ఉంది. పాఠశాలల్లో ఇది చేయించకపోవడం లోపమే.

రామన్ సిద్ధాంతం మాత్రం నిలబడలేదు. మూడు రకాల శంకు కణాలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ప్రాంతాలకు స్పందించడం వల్లే రంగులు తెలుస్తాయన్న యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల వాదాన్ని ఆయన తోసిపుచ్చారు. అదే కాలంలో, 1964లో, అమెరికాలో రెండు బృందాలు ఒక్కొక్క శంకు కణం మీద సన్నని కాంతి కిరణం పంపి అది పీల్చుకునే రంగును కొలిచాయి. మూడు రకాల కణాలు నేరుగా దొరికాయి. దానితో ప్రశ్న తేలిపోయింది. రామన్ పొరపాటుకు ఆయన తెలివితేటల్లో లోటు కారణం కాదు. బెంగళూరులో ఆయన దగ్గర గాజులు, కాంతి, కళ్లు ఉన్నాయి. విడదీసిన రెటీనా కణాలు, వాటిని పరీక్షించే జీవశాస్త్రజ్ఞులు లేరు. తన అనుభూతిని ఎంత నిశితంగా గమనించుకున్నా, ఒక అనుభూతి వెనుక ఎన్ని రకాల కణాలున్నాయో దాన్నిబట్టి తెలియదు. భౌతిక శాస్త్రపు దారి ఒంటరిగా వెళ్లగలిగింది అంతవరకే.

విశాఖలో ఆ దారి వేరే మలుపు తిరిగింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో స్థిరపడ్డాక, రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతం 1930ల మొదట్లో అక్కడ భౌతిక శాస్త్రం చేపట్టారు. 1931లో ఫోటాను భ్రమణం మీద రామన్‌తో కలిసి వెలువరించిన పత్రంతో ఆయన పేరు అప్పటికే తెలిసింది. కె. రంగధామారావు చేతుల మీదుగా వర్ణపట శాస్త్రం వాల్తేరుకు ప్రత్యేకమైన విద్యగా ఎదిగింది. పరికరాలు మెరుగయ్యేకొద్దీ కన్ను పక్కకు తప్పుకుంది. ఫొటో పలకలు, తర్వాత కాంతి విద్యుత్ గొట్టాలు దాని పని తీసుకున్నాయి. అణువుల గురించి గొప్ప పని జరిగిన ఆ విభాగానికి చూపు గురించి అడగాల్సిన అవసరమే రాలేదు.

అదే సమయంలో ప్రపంచంలో రెటీనా నాడీ శాస్త్రం తన కాళ్ల మీద నిలబడింది. కెఫర్ హార్ట్‌లైన్ గుర్రపునాడా పీత కంటిలో ఒక కణం పక్క కణాన్ని అణచిపెడుతుందని చూపారు. అంచులు స్పష్టంగా కనిపించడానికి మూలం ఆ అణచివేతే. ఆయన వాడింది అమెరికా తీరపు జాతి. దాని దగ్గరి బంధువు ఒడిశా తీరంలో దొరుకుతుంది. 1953లో స్టీఫెన్ కఫ్లర్ పిల్లి రెటీనాలో నడుమ వెలుగుకు రెచ్చిపోయి చుట్టూ వెలుగుకు మౌనం వహించే కణాలను గుర్తించారు. 1965లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఇంద్రియ గ్రాహకాల మీద జరిగిన సదస్సు ఈ రంగంలో పనిచేసేవాళ్లను ఒకచోట చేర్చింది. 1967లో హార్ట్‌లైన్, రాగ్నర్ గ్రానిట్, జార్జ్ వాల్డ్‌లకు నోబెల్ వచ్చింది. 1976లో వాల్తేరులో ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన భారత సైన్స్ కాంగ్రెస్ జరిగినప్పుడు దాని ప్రధాన అంశం గ్రామీణాభివృద్ధి. తిండి, నీళ్లు, రోగాలు ముందు వరసలో ఉన్న దేశానికి అది సహజమే. చూపు శాస్త్రం ఇక్కడికి రావాల్సింది ఆకలి గుండానే.

వైద్యపు దారి మద్రాసు నుంచి వచ్చింది. విశాఖ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. 1819లో మొదలైన మద్రాసు కంటి ఆసుపత్రి ఆసియాలోకెల్లా పాతవాటిలో ఒకటి. అక్కడ సూపరింటెండెంటుగా పనిచేసిన ఆర్.ఇ. రైట్ పోషకాహారం లేని పిల్లల్లో నల్లగుడ్డు కరిగిపోయే జబ్బును శ్రద్ధగా అధ్యయనం చేశారు. 1923లో విశాఖలో మెడికల్ కాలేజీ, కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలయ్యాయి. ఉత్తరాంధ్రకూ ఒడిశా సరిహద్దు జిల్లాలకూ కంటి వైద్యం దగ్గరైంది. తర్వాత వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి వెలిసింది.

రెటీనాకు ఈ దారిలో తొలి ఆధారం రేచీకటి. కడ్డీ కణాల్లో కాంతిని పట్టే రొడాప్సిన్ అనే పదార్థం తయారు కావాలంటే విటమిన్ ఏ కావాలి. రెటీనాలో ఆ విటమిన్ ఉందని 1933లో కనిపెట్టినవారు జార్జ్ వాల్డే. విటమిన్ చాలకపోతే పొద్దు వాలగానే పిల్లవాడు గోడ పట్టుకుని తడుముకుంటాడు. పగలు మామూలుగానే ఆడుకుంటాడు కాబట్టి ఇంట్లోవాళ్లు చాలా రోజులు గమనించరు. తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ కనిపించేసరికి జబ్బు ముదురుతుంది. కూనూరు నుంచి 1958లో హైదరాబాద్ తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ, దీనికి చౌకగా విరుగుడు వెతికింది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఆధ్వర్యంలో జరిగిన పనిలో, ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఏ నోట్లో పోస్తే కాలేయంలో నిల్వ ఉండి కాపాడుతుందని తేలింది. 1970లో అది జాతీయ కార్యక్రమం అయింది. రెటీనా రసాయన శాస్త్రం పల్లెల్లో చెంచాడు మందుగా మారిన ఘట్టం ఇది. ఈ రంగంలో తెలుగు నేల ఇచ్చిన వాటిలో అతి పెద్దది ఇదే అనడం సబబు.

కంటి వైద్యుల సమయాన్ని ఎక్కువగా మింగింది శుక్లాలే. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి నుంచి డాక్టర్ పి. శివారెడ్డి ఊరూరా నేత్ర శిబిరాలు పెట్టి పేరు తెచ్చుకున్నారు. రెటీనా వెనకబడి ఉండిపోయింది. దాన్ని చూడాలంటే కంటిపాప విప్పారేలా చుక్కలు వేయాలి, చీకటి గది కావాలి, అనుభవం కావాలి. కనిపించినా చాలా జబ్బులకు అప్పట్లో చేయగలిగింది తక్కువ.

ఈ పరిస్థితి 1980ల చివర్లో మారడం మొదలైంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేస్తున్న డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు, సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, కోటి రూపాయల విరాళంతో హైదరాబాద్‌లో ఆ దాత పేరుతోనే కంటి సంస్థ స్థాపించారు. 1996 నుంచి 2000 దాకా ఆ సంస్థ ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం నడిపింది. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం మందిలో ఉందని, అందులో 60.3 శాతం శుక్లం, కళ్లద్దాలు లేకపోవడం వంటి సులువుగా సరిచేయగల కారణాల వల్లేనని తేలింది. మిగిలిన భాగంలో రెటీనా జబ్బులకు పెద్ద చోటే ఉంది.

రెండు దారులూ కలిసింది ఇక్కడే. అణుజీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో కంటి కటకపు ప్రొటీన్ల మీద పనిచేసి, ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్న డి. బాలసుబ్రమణియన్, 1998లో పదవి ముగిశాక ఎల్.వి. ప్రసాద్ సంస్థకు పరిశోధన అధిపతిగా వెళ్లారు. కాంతి, అణువు తెలిసినవాడు రోగి ఉన్న చోటికి వెళ్లడం దేశంలో అరుదు. 1990లలోనే మొదలైన ఇండియన్ ఐ రీసెర్చ్ గ్రూప్ సదస్సులు చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగాయి. జన్యు శాస్త్రజ్ఞులు, శస్త్రవైద్యులు, కాంతి శాస్త్రం తెలిసిన ఆప్టోమెట్రిస్టులు ఒకే హాల్లో కూర్చుని ఒకరి స్లయిడ్లను ఒకరు ప్రశ్నించుకునే వేదిక తెలుగు నేలకు అలా దొరికింది. రామన్‌కు లేనిది అదే.

ఆ వేదికల మీద తరచూ వచ్చే ఒక విషయం తెలుగు కుటుంబాలకు మరీ దగ్గరిది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బులో ముందు కడ్డీ కణాలు చచ్చిపోతాయి. బాల్యంలోనో యవ్వనంలోనో రేచీకటి, ఆపైన పక్క చూపు పోవడం, చివరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమి చూపు మిగలడం. విటమిన్ పోసినా తగ్గని రేచీకటి ఇది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం ఉన్న జన్యువు అందినప్పుడు ఇందులో చాలా రకాలు బయటపడతాయి. మేనరికం ఉన్న ఇళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. అందుకే దక్షిణాది కుటుంబాల రక్త నమూనాల నుంచి ఈ జన్యువుల గురించి చాలా తెలిసింది. చిత్రా కన్నబిరాన్ వంటి పరిశోధకులు హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నారు.

విశాఖకు ఈ ఒరవడి 2006లో చేరింది. ఆషాఢ పౌర్ణమికి లక్షలాది జనం సింహాచలం చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసే దారిలో, అడివివరం దాటాక హనుమంతవాక వస్తుంది. ఆ కూడలి దగ్గరే ఎల్.వి. ప్రసాద్ సంస్థ జీఎంఆర్ వరలక్ష్మి ప్రాంగణం తెరుచుకుంది. కొండకు అటువైపు, గోశాల దాటి వేపగుంట వైపు వెళితే నాయుడుతోటలో శంకర్ ఫౌండేషన్ కంటి ఆసుపత్రి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, అరకు, కొరాపుట్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఈ రెండూ, వాల్తేరు ప్రభుత్వ ఆసుపత్రీ పెద్ద దిక్కు. 2008 జనవరిలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మళ్లీ సైన్స్ కాంగ్రెస్ జరిగేనాటికి, 1976లో ఊళ్లో లేని ఈ రెండు కంటి ఆసుపత్రులు కొండకు రెండు వైపులా పనిచేయసాగాయి.

రెటీనా పరీక్ష జరిగే తీరు ఇది. కంట్లో చుక్కలు వేసి అరగంట బల్ల మీద కూర్చోబెడతారు. పాప విప్పారాక దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, కిటికీ వైపు చూడలేరు. చీకటి గదిలో డాక్టరు తలకు దీపం కట్టుకుని, రోగి కంటికి కాస్త ఎడంగా చిన్న కటకం పట్టుకుని, పైకి, కిందికి, ముక్కు వైపు చూడమంటారు. మామూలు రెటీనా నారింజ ఎరుపులో, నెత్తుటి నాళాలతో కనిపిస్తుంది. రెటినైటిస్ పిగ్మెంటోసాలో అంచుల వెంట నల్లని పీచుల్లాంటి మచ్చలు పరుచుకుంటాయి. నాళాలు సన్నబడతాయి. చక్కెర వ్యాధిలో చుక్క చుక్కలుగా నెత్తురు కారిన గుర్తులుంటాయి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలది మరో సంగతి. రెటీనా నాళాలు అంచుల దాకా పెరిగే లోపే బిడ్డ భూమ్మీద పడితే, తర్వాత అవి దారి తప్పి పెరిగి రెటీనాను లాగేస్తాయి. పుట్టిన 30 రోజుల్లోపు చూడాలనే నియమాన్ని హైదరాబాద్‌లో డాక్టర్ సుభద్రా జలాలి ఊరూరా ప్రచారం చేశారు. నవజాత శిశు విభాగాలు పెరిగి, తక్కువ బరువు పిల్లలు బతకడం మొదలయ్యాకే ఈ జబ్బు ఎక్కువైంది. అందుకే ఇంక్యుబేటరు ఉన్న ప్రతి ఆసుపత్రికీ రెటీనా వైద్యుడు వచ్చి వెళ్లే ఏర్పాటు అవసరమైంది.

వంశపారంపర్య రెటీనా జబ్బు తెచ్చే ఆర్‌పీఈ65 అనే జన్యువు లోపానికి 2017 డిసెంబరులో అమెరికా తొలి జన్యు చికిత్సను ఆమోదించింది. రెటీనా జబ్బు ఉన్న కుటుంబానికి ఏ జన్యువు చెడిందో తెలుసుకోవడం అప్పటి నుంచి వైద్యంలో భాగమైంది. హైదరాబాద్‌లో మూలకణాల నుంచి చిన్న రెటీనా కణజాలాన్ని గిన్నెలో పెంచే పని సాగుతోంది. గిన్నెలో పెరిగిన ఆ కణాలను కంట్లో అమర్చితే అవి దృక్ నాడికి కబురు పంపగలవా అన్నది ప్రస్తుతం ఈ రంగం ముందున్న ప్రశ్న.